చనిపోయినవాళ్లను లెక్కపెట్టింది ఎవరు?

కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర ఒక గుట్ట మీద అశోకుడి శిలాశాసనాలున్నాయి. వాటిలో 13వది కళింగ యుద్ధం గురించి. లక్షన్నర మందిని పట్టి తరలించారని, లక్ష మంది అక్కడే హతమయ్యారని, అంతకు ఎన్నో రెట్ల మంది ఆ తర్వాత చనిపోయారని అందులో ఉంది. గెలిచిన రాజు తాను చంపించినవాళ్ల సంఖ్యను రాతిలో చెక్కించడం అప్పటికే ఉన్న అలవాటు. అస్సీరియా రాజులు అంతకు ముందే ఆ పని చేశారు, కాకపోతే గొప్ప చెప్పుకోవడానికి. బాధపడుతున్నానంటూ లెక్క చెప్పిన రాజు మాత్రం చరిత్రలో చాలా అరుదు.

ఆ లెక్కలో మూడో మాటకు అంకె లేదు. ‘ఎన్నో రెట్లు’ అని వదిలేశారు. యుద్ధం అయిపోయాక ఆకలితో, రోగాలతో, మానని గాయాలతో పోయినవాళ్లు వాళ్లయి ఉండాలి. వాళ్లను లెక్కపెట్టే తీరిక ఎవరికీ లేకపోయింది. ఇంకో సంగతి కూడా గమనించాలి. కళింగలోనే, అంటే ఇవాళ్టి ఒడిశాలోని ధౌలి, జౌగడల్లో, ఈ 13వ శాసనం లేదు. దాని బదులు, మనుషులందరూ నా బిడ్డలేనని చెబుతూ అధికారులకిచ్చిన ఆదేశాలు అక్కడ చెక్కారు. దెబ్బ తిన్నవాళ్ల కళ్లెదుట ఆ సంఖ్య పెట్టడానికి మనసు రాలేదో, భయమే వేసిందో. ఎర్రగుడిలో మాత్రం అది ఉంది. అదే శాసనంలో అడవి తెగలకు ఒక హెచ్చరిక కూడా ఉంది: రాజు పశ్చాత్తాపపడుతున్నాడు గానీ, దండించే శక్తి ఆయనకు ఇంకా ఉంది అని.

మనిషి చేసే హింసను అర్థం చేసుకోవాలని జరిగిన ప్రయత్నాలన్నిటిలోనూ ఇదే చిక్కు కనిపిస్తుంది. ఎవరు లెక్కపెట్టారు, ఏ పేరు కింద రాశారు, ఎవరిని వదిలేశారు అన్నదాన్ని బట్టి ‘మనిషి స్వభావం’ మీద తీర్పులు మారుతూ వచ్చాయి. అసలు లెక్కే లేని కాలంలో ఆ తీర్పులు ఇంకా ధీమాగా ఉండేవి.

మన దగ్గర మత్స్యన్యాయం అన్న మాట ఎప్పటి నుంచో ఉంది. పెద్ద చేప చిన్న చేపను మింగుతుంది, కాబట్టి దండం పట్టుకున్న రాజు ఉండాలి అని మహాభారతం శాంతిపర్వం, అర్థశాస్త్రం చెబుతాయి. బౌద్ధుల అగ్గఞ్ఞ సుత్తం ఇంకో కథ చెబుతుంది. మొదట్లో అందరూ బాగానే ఉన్నారు, పొలాలకు గట్లు పడ్డాక దొంగతనం వచ్చింది, దొంగతనం వెనకే అబద్ధం, కొట్లాట వచ్చాయి, అప్పుడు జనం కూడి ఒకణ్ని రాజుగా ఎన్నుకున్నారు. యూరప్‌లో 1651లో తత్వవేత్త థామస్ హాబ్స్ మత్స్యన్యాయం లాంటి మాటే అన్నాడు. 1755లో రూసో ఆస్తి వచ్చాకే మనిషి చెడిపోయాడన్నాడు. ఈ నాలుగు వాదనల్లో ఒక్కదానికీ ఒక్క ఎముక గానీ, ఒక్క రిజిస్టర్ గానీ ఆధారం లేదు. అయినా ఇవాళ్టికీ టీ కొట్టు దగ్గర చర్చ జరిగినా, యూనివర్సిటీలో సెమినార్ జరిగినా, మాట తిరిగి తిరిగి ఆ రెండు గట్లలో ఏదో ఒకదానికే చేరుతుంది.

ఎముకలు మాట్లాడటం మొదలుపెట్టింది గత శతాబ్దంలోనే. 1960లలో ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కడుతున్నప్పుడు నైలు లోయ మునిగిపోతుందని పురావస్తు శాస్త్రవేత్తలు హడావిడిగా తవ్వకాలు జరిపారు. సూడాన్ ఉత్తర అంచున జెబెల్ సహాబా అనే చోట ఫ్రెడ్ వెండార్ఫ్ బృందానికి ఒక శ్మశానం దొరికింది. 61 మంది అస్థిపంజరాలు, కనీసం 13,400 ఏళ్ల నాటివి. చాలామంది ఎముకల మధ్య, కొందరి ఎముకల్లోనే, రాతి ములుకుల ముక్కలున్నాయి. అప్పటికి అక్కడ వ్యవసాయం లేదు, రాజు లేడు, ఊళ్లు లేవు. ప్రపంచంలో తొలి యుద్ధం ఇదేనని పుస్తకాలకు ఎక్కింది. హాబ్స్ వైపువాళ్లకు ఇంతకంటే బలమైన సాక్ష్యం అక్కర్లేకపోయింది.

ఆ ఎముకలు తర్వాత లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ఇజబెల్ క్రెవ్‌కూర్ బృందం వాటిని మైక్రోస్కోపుల కింద పెట్టి, ఒక్కొక్క ఎముకను మళ్లీ పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించింది. అంతకు ముందు ఎవరి కంటా పడని గాయాలు వందకు పైగా బయటపడ్డాయి. 61 మందిలో 41 మందికి ఏదో ఒక గాయముంది. మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు అన్న తేడా పెద్దగా లేదు. అయితే అసలు విషయం ఇంకొకటి. 16 మందిలో మానిన గాయమూ ఉంది, మానని గాయమూ ఉంది. అంటే ఒకసారి దెబ్బ తిని, నెలలో ఏళ్లో బతికి, మళ్లీ దెబ్బ తిని చనిపోయారు. ఒక్క రోజు జరిగిన యుద్ధమైతే ఇలా ఉండదు. సమాధులు కూడా ఒకేసారి తవ్వినవి కావు. ఇది ఏళ్ల తరబడి, ఆగి ఆగి జరిగిన దాడుల పరంపర అన్నది ఆ బృందం నిర్ధారణ. మంచుయుగం చివర నైలు నది తీరు మారిపోయి, బతకడానికి వీలున్న చోట్లు కుదించుకుపోయాయి. ఉన్న కొద్ది చోట వేర్వేరు గుంపులు ఇరుక్కున్నాయి. పోటీ పెరగడానికి అదొక కారణం కావచ్చని వాళ్ల అంచనా.

అవే ఎముకలు. ‘తొలి యుద్ధం’ అన్న బోర్డు తీసేసి చూస్తే కనిపించేది మనిషి రక్తంలో ఉన్న పగ కాదు, కరువు ప్రాంతంలో ఏళ్ల తరబడి సాగిన పోరు. ఇది రూసో వైపువాళ్లు సంతోషించాల్సిన సంగతి కూడా కాదు. మానిన గాయాలు చెబుతున్నది ఏమిటంటే, అక్కడ పుట్టిన బిడ్డకు హింస ఒక సంఘటన కాదు, బతుకులో భాగం. మరోపక్క, అంతకు ముందు వేల ఏళ్ల కాలానికి ఇలాంటి శ్మశానాలు దొరకడమే అరుదు. దాడులు లేకనా, ఎముకలు మిగలకనా అన్నది తేల్చి చెప్పడం కష్టం. ఒక శ్మశానం చూసి మనిషి జాతి మొత్తానికి తీర్పు రాయడం తప్పు.

ఎముకల తర్వాత వచ్చేవి కాగితాలు. మధ్యయుగం ఇంగ్లండ్‌లో ఎవరైనా అనుమానాస్పదంగా చనిపోతే కరోనర్ అనే అధికారి వచ్చేవాడు. చుట్టుపక్కల వాళ్లను జ్యూరీగా కూర్చోబెట్టి శవాన్ని చూపించి విచారించేవాడు. మన పంచనామా లాంటిదే. గాయం ఎంత పొడవు, ఎంత లోతు, ఏ ఆయుధం, దాని వెల ఎంత, ఏ రోజు, ఏ వీధి అన్నీ తోలు చుట్టల మీద రాసి పెట్టారు. కేంబ్రిడ్జ్‌లో పనిచేసే నేరశాస్త్రవేత్త మాన్యుయెల్ ఐస్నర్ ఇలాంటి రికార్డులను ఏళ్ల తరబడి పోగు చేశాడు. 1300 నుంచి 1340 దాకా లండన్‌లో జరిగిన 142 హత్యలను మ్యాప్ మీద గుర్తు పెట్టాడు. ఎక్కువ హత్యలు ఆదివారం జరిగాయి. చర్చి అయ్యాక తాగుడు, ఆటలు, గొడవలు. ఎక్కువగా వాడింది నడుముకు ఎప్పుడూ ఉండే కత్తి. చోటు జనం తిరిగే బజారు. అదే కాలంలో ఆక్స్‌ఫర్డ్‌లో పరిస్థితి ఇంకా ఘోరం. జనాభా లెక్కన అక్కడి హత్యలు లండన్ కంటే నాలుగైదు రెట్లు. వివరం తెలిసిన హంతకుల్లో ముప్పావు వంతు, హతుల్లోనూ దాదాపు అంతమంది యూనివర్సిటీకి చెందినవాళ్లే. చదువుకుంటే మనిషి మెత్తబడతాడు అనుకునేవాళ్లు ఆ రికార్డులు ఒకసారి చూడాలి. ఇల్లు వదిలి వచ్చిన కుర్రాళ్లు, చేతిలో కత్తి, చవగ్గా మందు, ఊరివాళ్లతో పడని ముఠాలు. ఇవన్నీ ఒకచోట చేరితే పుస్తకాలు ఆపలేకపోయాయి.

ఇలాంటి రికార్డులు కలిపి చూస్తే పశ్చిమ యూరప్‌లో మధ్యయుగం చివర లక్ష మందికి ఏడాదికి 20, 30 హత్యలు జరిగిన చోట ఇప్పుడు ఒకటి అటూఇటూగా జరుగుతోంది. అప్పటి జనాభా అంచనాల్లో పొరపాట్లు ఉండొచ్చు. ఇవాళ రెండు కుట్లతో పోయే గాయానికి అప్పుడు చీము పట్టి ప్రాణం పోయేది. వాటన్నిటినీ తీసేసినా తగ్గుదల నిజమే. తగ్గింది కూడా ఎక్కువగా ఒక రకం హింస: వీధిలో, పరువు కోసం, మగాడికీ మగాడికీ మధ్య జరిగేది. ఇంటి లోపలిది అంతగా తగ్గలేదు.

మర్యాదలు పెరిగి, కోపాన్ని అణుచుకోవడం అలవాటై, చంపే హక్కు ప్రభుత్వం గుప్పిట్లోకి పోవడం వల్ల యూరప్ మెత్తబడిందని సమాజ శాస్త్రవేత్త నార్బర్ట్ ఎలియాస్ 1939లో వాదించాడు. ఆ వాదన చాలామటుకు నిలబడింది. కానీ అది అచ్చయిన ఏడాది ఏమిటో చూడాలి. ఎలియాస్ యూదుడు, నాజీల వల్ల దేశం వదిలిపోయినవాడు. అతని తల్లిని నాజీ క్యాంపులో చంపేశారు. వీధిలో కత్తులు తీయించిన ప్రభుత్వమే, తాను తలచుకుంటే, ఏ వీధి రౌడీకీ చేతగాని పని చేయగలదు. హత్యల రేటు గ్రాఫులో ఆ చావులు కనిపించవు, ఎందుకంటే వాటిని ఆ పద్దులో రాయరు.

ఆ పద్దుల మధ్య గోడ తీసేయాలని చూసిన మనిషి లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. ఇంగ్లండ్‌లో క్వేకర్ (యుద్ధాన్ని ఒప్పుకోని ఒక క్రైస్తవ శాఖ) కుటుంబంలో పుట్టాడు. హింస పనికిరాదనే నమ్మకంతో మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టకుండా ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడిపాడు. అక్కడున్నప్పుడే వాతావరణాన్ని లెక్కలతో ముందే చెప్పే పద్ధతి మీద పనిచేశాడు. యుద్ధం తర్వాత వాతావరణ శాఖను వైమానిక మంత్రిత్వ శాఖ కిందికి తెచ్చారని 1920లో ఉద్యోగం వదిలేశాడు. మిగతా జీవితంలో చాలా భాగం చావుల లెక్కకే పెట్టాడు. యుద్ధం, తిరుగుబాటు, అల్లర్లు, హత్య అని విడదీయకుండా అన్నిటినీ ‘ప్రాణాంతక తగాదాలు’ అన్న ఒకే పేరు కింద చేర్చాడు. భూకంపానికి కొలత ఉన్నట్టే తగాదాకూ ఒక కొలత పెట్టాడు. ఒక్కరు చనిపోతే 0, పది మంది పోతే 1, వెయ్యి మందికి 3, కోటి మందికి 7.

1820 నుంచి 1945 దాకా లెక్క తీస్తే ఆ 7 దగ్గర రెండే ఉన్నాయి, రెండు ప్రపంచ యుద్ధాలు. సుమారు 5.9 కోట్ల చావుల్లో 3.6 కోట్లు ఆ రెండింటివే. ఆ తర్వాతి పెద్ద మూటల్లో ఒకటి కొలతలో అట్టడుగున ఉంది. ఒకరో ఇద్దరో చనిపోయే మామూలు హత్యలు కలిపితే దాదాపు 97 లక్షలు. పేపర్లో రెండు లైన్ల వార్తగా వచ్చినవన్నీ ఒకచోట పోస్తే మధ్యలో జరిగిన ఎన్నో యుద్ధాలను మించిపోయాయి. ఒకే భాష మాట్లాడేవాళ్ల మధ్య యుద్ధాలు తగ్గుతాయన్న ఆశకు ఆయన లెక్కల్లో ఆధారం దొరకలేదు. యుద్ధాలు మొదలయ్యే తీరులో ఒక క్రమం గానీ, తగ్గుతూ వచ్చే లక్షణం గానీ దొరకలేదు. ఆయన 1953లో చనిపోయాడు. ఈ పని పుస్తకంగా వచ్చింది 1960లో.

2011లో మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్ పింకర్ మొత్తం మీద హింస తగ్గుతూ వస్తోందని పెద్ద పుస్తకం రాసినప్పుడు రిచర్డ్‌సన్ మళ్లీ చర్చలోకి వచ్చాడు. పింకర్ చెప్పిన చాలా విషయాలు నిజమే. చిత్రహింసలు, బహిరంగ ఉరితీతలు, బానిసత్వం చాలా దేశాల్లో చట్టంలో లేకుండా పోయాయి. అయితే 1945 తర్వాత పెద్ద రాజ్యాలు నేరుగా తలపడకపోవడాన్ని శాశ్వతమైన మార్పుగా చూడటం దగ్గర గణిత శాస్త్రవేత్తలు అడ్డం పడ్డారు. 7 కొలత యుద్ధం ఎప్పుడో గాని రాదు. అలాంటప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల నిశ్శబ్దం ఏ మార్పూ లేకుండానే రావొచ్చు. ఇది నిరాశావాదం కాదు, లెక్క. తగ్గిందని రుజువైంది వీధి హత్య. పెద్ద యుద్ధం గురించి అలా చెప్పే రుజువు ఇంకా లేదు. ఈ రెండింటినీ కలిపి ‘మనిషి మంచివాడవుతున్నాడు’ అనడం తొందరపాటు.

జంతువుల్ని చూసి తేల్చుదామన్న ప్రయత్నమూ జరిగింది. టాంజానియాలోని గోంబేలో 1974 నుంచి 1978 దాకా ఒక చింపాంజీ గుంపు, తనలోంచి చీలిపోయిన గుంపులోని మగవాటిని ఒక్కొక్కదాన్నీ వేటాడి చంపింది. అక్కడి చింపాంజీలను ఏళ్లుగా అధ్యయనం చేస్తున్న జేన్ గుడాల్ తల్లడిల్లిపోయింది. మనకు అంతే దగ్గరి బంధువులైన బొనోబోల్లో అలాంటి దాడులు కనిపించలేదు. ఇద్దరు చుట్టాల్లో ఎవరి పోలిక వచ్చిందన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరకదు.

లెక్కలు చెప్పలేనిది ఒకటుంది: చంపే క్షణంలో మనిషికి ఏమవుతుంది అన్నది. దానికి దొరికిన సాక్ష్యాల్లో భయంకరమైనది పోలండ్‌లోని యూజెఫూఫ్ అనే చిన్న ఊరిది. 1942 జూలై 13 తెల్లవారుజామున జర్మనీ రిజర్వ్ పోలీస్ బెటాలియన్ 101 అక్కడికి చేరింది. సుమారు 500 మంది. చాలామంది హాంబర్గ్ నుంచి వచ్చిన నడివయసు సంసారులు, కూలిపని, చిన్న ఉద్యోగాలు చేసుకునేవాళ్లు. ఊళ్లోని యూదుల్లో పనికొచ్చే మగవాళ్లను పక్కన పెట్టి, ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను కాల్చేయాలని ఆదేశం. కమాండర్ మేజర్ ట్రాప్ ఆ మాట చెబుతూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. పెద్ద వయసువాళ్లలో ఈ పని చేయలేమనుకున్నవాళ్లు పక్కకు రావొచ్చని కూడా అన్నాడు. డజను మంది ముందుకొచ్చారు. వాళ్లకు ఏ శిక్షా పడలేదు. మిగతావాళ్లలో మధ్యలో తప్పుకున్నవాళ్లూ ఉన్నారు, ఎక్కువమంది సాయంత్రం దాకా చేశారు. 1,500 మందిని అడవిలోకి తీసుకెళ్లి ఒక్కొక్కరినీ దగ్గర నుంచి కాల్చారు.

ఇదంతా 1960లలో జరిగిన విచారణల్లో వాళ్లే ఇచ్చిన వాంగ్మూలాల నుంచి తెలిసింది. 1992లో చరిత్రకారుడు క్రిస్టఫర్ బ్రౌనింగ్ ఆ కాగితాలు చదివి, పక్కవాడి ముందు పిరికివాడిగా కనిపించకూడదన్న భయం, తప్పుకుంటే ఆ భారం తోటివాళ్ల మీద పడుతుందన్న మొహమాటం ముఖ్య కారణాలన్నాడు. నాలుగేళ్ల తర్వాత డేనియల్ గోల్డ్‌హాగెన్ అవే కాగితాలు చదివి, యూదులంటే తరాలుగా నూరిపోసిన ద్వేషమే కారణమన్నాడు. వాదన ఇంకా తెగలేదు. తెగనక్కర్లేదు కూడా. మొహమాటం తుపాకీ పట్టిస్తుంది, ఎవరి మీదకు పట్టాలో చెప్పేది ద్వేషం. ట్రాప్ ఇచ్చిన అవకాశం మాత్రం ఎంత చదివినా వదలదు. చంపక తప్పని పరిస్థితి కాదది.

మన దగ్గరికి వస్తే, లెక్కలోకి రాని హింస ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కొన్ని దశాబ్దాల కింద పేపర్లో ‘స్టవ్ పేలి వివాహిత మృతి’ అన్న వార్త మామూలు. కిరోసిన్ స్టవ్‌లు కొత్త కోడళ్ల దగ్గరే ఎందుకు పేలుతున్నాయి, అత్తగార్ల దగ్గర ఎందుకు పేలవు అని మహిళా సంఘాలు రోడ్డెక్కి అడిగాయి. ఆ పోరాటాల ఫలితంగా అప్పటి భారత శిక్షాస్మృతిలోకి 1983లో అత్తింటి వేధింపుల మీద 498ఏ సెక్షన్, 1986లో వరకట్న మరణాల మీద 304బి సెక్షన్ వచ్చాయి. పెళ్లయిన ఏడేళ్లలోపు కాలిన గాయాలతోనో, అనుమానాస్పదంగానో చనిపోయి, చావుకు కొద్ది ముందు కట్నం కోసం వేధించారని తేలితే అది వరకట్న మరణం. ఇప్పుడు దేశంలో ఏటా ఆరు వేల పైచిలుకు కేసులు ఆ పేరు కింద నమోదవుతున్నాయి. గ్రాఫు గీస్తే 1986 ముందు ఖాళీ. ఆ ఖాళీ చూసి అప్పుడు కట్నం చావులు లేవనుకుంటే ఎంత తప్పో, ఎముకలు దొరకని కాలంలో హింస లేదనుకోవడం కూడా అంతే తప్పు. ప్రపంచం మొత్తం మీద 2023లో భర్తో, ప్రియుడో, ఇంట్లో మనిషో చంపిన ఆడవాళ్లు, ఆడపిల్లలు సుమారు 51,100 మంది అని ఐక్యరాజ్యసమితి అంచనా. రోజుకు 140 మంది.

కులం విషయంలోనూ అంతే. 1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. గొడవ మొదలైంది దళితులు తాగే నీళ్ల చెరువు దగ్గర. దాన్ని మామూలు హత్యల కేసుగా రాసుకోవడం సరిపోదని, కులం పేరు చెప్పి తీరాలని ఉద్యమం నడిచింది. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రావడం వెనక అలాంటి ఘటనలు ఎన్నో ఉన్నాయి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే నడిచింది. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. చనిపోయినవాళ్లు రికార్డులో ఉన్నారు, చంపినవాళ్లు లేరు. ఇది స్వభావం గురించిన ప్రశ్న కాదు. ఎవరి చావుకు సాక్ష్యం నిలుస్తుంది, ఎవరి చావుకు నిలవదు అన్న ప్రశ్న.

లెక్క సరిగ్గా కడితే ఏమవుతుందో వేల్స్‌లోని కార్డిఫ్ నగరం చూపించింది. జొనాథన్ షెపర్డ్ అక్కడ ముఖానికి, దవడలకు ఆపరేషన్లు చేసే సర్జన్. పగిలిన బీరు గ్లాసులతో కోసుకుపోయిన ముఖాలు శనివారం రాత్రుళ్లు ఆయన దగ్గరికి వచ్చేవి. వాళ్లలో చాలామంది కేసులు అసలు పోలీసుల దగ్గరికే వెళ్లడం లేదని ఆయన గమనించాడు. ఆస్పత్రి రిసెప్షన్‌లో రోగి పేరు బయటపెట్టకుండా కొన్ని వివరాలు రాయించాడు: ఎక్కడ జరిగింది, ఎప్పుడు, దేనితో కొట్టారు. వాటిని ప్రతి నెలా పోలీసులకు, నగరపాలకులకు ఇచ్చారు. ఏ బారు దగ్గర, ఏ వీధి మలుపులో, ఏ టైములో గొడవలు అవుతున్నాయో తెలిసింది. గస్తీ మార్చారు, బార్ల మీద నిఘా పెట్టారు, పగిలితే కత్తిలా తయారవని గట్టి గ్లాసులు వాడేలా చేశారు. ఎవరి స్వభావాన్నీ మార్చలేదు. 2011లో వచ్చిన అధ్యయనం ప్రకారం, దెబ్బలతో ఆస్పత్రిలో చేరేవాళ్లు కార్డిఫ్‌లో నెలకు లక్ష మందికి ఏడుగురి నుంచి ఐదుగురికి తగ్గారు. అలాంటివే అయిన ఇతర నగరాల్లో అదే కాలంలో ఐదు నుంచి ఎనిమిదికి పెరిగారు.

మన ప్రభుత్వాసుపత్రుల్లో ఎంఎల్‌సి (మెడికో లీగల్ కేసుల) రిజిస్టర్ ఎప్పటి నుంచో ఉంది. దెబ్బలతో, కాలిన గాయాలతో, విషం తాగి వచ్చినవాళ్ల వివరాలు అందులో ఎక్కిస్తారు. అది ఉన్నది కేసు కోసం, కోర్టు కోసం. పేర్లు తీసేసి, ఊరూ వీధీ టైమూ కారణమూ మాత్రం నెలకోసారి జిల్లా స్థాయిలో ఒకచోట చేర్చడానికి పెద్ద ఖర్చు కాదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. ఏ బెల్టు షాపు దగ్గర తలలు పగులుతున్నాయో, పేర్లున్న అసలు రిజిస్టర్‌లో ఒకే ఇంటి నుంచి ఒకే ఆడమనిషి ‘జారిపడి’ ఎన్నిసార్లు వచ్చిందో చూడటానికి డ్యూటీ డాక్టర్, ఏఎన్ఎం, ఒక గుమస్తా చాలు.